మనకు రక్ష, చేపకు శిక్ష: కుళాయి నీటిలో క్లోరిన్

ఈ రోజుల్లో చేపల తొట్టి డబ్బున్న వాళ్ల ఇళ్లకే పరిమితం కాదు. టిఫిన్ సెంటర్లలో, మందుల షాపుల్లో, బడి ఆఫీసు గదుల్లో కూడా కనిపిస్తోంది. హాస్టళ్లలోనూ స్టడీ హాలు మూల ఒక గాజు తొట్టి పెట్టుకుని నాలుగు గప్పీలు, రెండు గోల్డ్ ఫిష్‌లు పెంచుకుందామని పిల్లలు సరదా పడుతుంటారు. తలా కొంచెం వేసుకుని చేపలు కొనుక్కొస్తారు. తొట్టి కడిగి, కుళాయి కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లే నింపి చేపలను వదులుతారు. మర్నాటికో మూడో నాటికో అవి వెల్లకిలా తేలతాయి. "దిష్టి తగిలింది" అని ఒకరు, "షాపువాడు జబ్బు చేపలు అంటగట్టాడు" అని ఇంకొకరు అంటారు. కొత్త తొట్టిలో చేపలు చనిపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చు. కానీ మొదట అనుమానించవలసింది కుళాయి నీటిలోని క్లోరిన్‌ను.

క్లోరిన్ గురించి మనం రసాయన శాస్త్రంలో చదువుకుంటాం, పరీక్షలో రాస్తాం, మర్చిపోతాం. అదే క్లోరిన్ రోజూ మన గ్లాసులోకి వస్తోంది. అది నీటిలో ఎందుకు ఉండాలి, చేపల నీటిలో ఎందుకు ఉండకూడదు, తీసేయాలంటే ఏ లెక్క ప్రకారం తీయాలి అన్నవి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

క్లోరిన్ అంటే ఏమిటి?

క్లోరిన్ హాలోజన్ల కుటుంబానికి చెందిన మూలకం. పరమాణు సంఖ్య 17. స్వీడన్‌లో పనిచేసిన షీలే అనే శాస్త్రవేత్త 1774లో దీన్ని మొదట తయారుచేశాడు. ఇది మూలకమేనని తేల్చి, 1810లో దీనికి పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ. పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగు అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఈ వాయువు రంగు కూడా అదే.

క్లోరిన్ పరమాణువు చివరి కక్ష్యలో 7 ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఎనిమిదో దాని కోసం అది దగ్గరకు వచ్చిన ప్రతి పదార్థం నుంచీ ఎలక్ట్రాన్ లాక్కోవాలని చూస్తుంది. దీన్నే మనం ఆక్సీకరణ శక్తి అంటాం. క్లోరిన్ చేసే మేలుకూ కీడుకూ మూలం ఇదే. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలిన విషవాయువు క్లోరినే. కోట్లమందిని కలరా, టైఫాయిడ్ నుంచి కాపాడిందీ క్లోరినే. తేడా మోతాదులోనే ఉంది.

నీటిలో ఎందుకు కలుపుతారు?

కలుషిత నీటి వల్ల కలరా వ్యాపిస్తుందని 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు ఉదంతంతో చూపించాడు. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో టైఫాయిడ్ ప్రబలినప్పుడు 1905లో తాగునీటికి నిరంతరం క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ అదే దారి పట్టింది. తర్వాత ఇది ప్రపంచమంతా పాకింది.

మన పట్టణాల్లో నీటి శుద్ధి కేంద్రాల దగ్గర క్లోరిన్ వాయువు కలుపుతారు. పల్లెల్లో పంచాయతీ ఓవర్ హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పాఠ్యపుస్తకంలో మనం చదువుకునే విరంజన చూర్ణం ఇదే. ఏది కలిపినా నీటిలో హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. అది సూక్ష్మజీవి కణత్వచాన్ని దాటి లోపలి ఎంజైములను దెబ్బతీస్తుంది.

కలిపిన క్లోరిన్‌లో కొంత నీటిలోని మురికితో, క్రిములతో చర్య జరిపి ఖర్చయిపోతుంది. మిగిలిన దాన్ని అవశేష క్లోరిన్ అంటారు. ట్యాంకు నుంచి కుళాయి దాకా వచ్చే దారిలో పైపు పగిలి మురికి చేరినా ఈ మిగులు కాపలా కాస్తుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, క్లోరిన్ కలిపిన నీటిలో వాడుకునే వారి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా అవశేష క్లోరిన్ ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావలసినప్పుడు అది కనీసం 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల వంతుల నీటిలో ఒక వంతు అన్నమాట.

మనకు లేని హాని చేపకు ఎందుకు?

అదే నీరు మనం తాగుతున్నాం కదా, చేపకేమవుతుంది అని చాలామంది అడుగుతారు. మనం నీటిని తాగుతాం. చేప నీటితో ఊపిరి పీలుస్తుంది. తేడా అక్కడే ఉంది.

మనం తాగిన నీటిలోని కొద్దిపాటి క్లోరిన్ నోటిలోని లాలాజలంతో, కడుపులోని ఆహారంతో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. చేప విషయంలో నీరు నిమిష నిమిషానికీ మొప్పల మీదుగా పారుతుంది. మొప్పల్లో నీటికీ రక్తానికీ మధ్య ఉండేది చాలా పలుచని పొర. ఆక్సిజన్ సులువుగా లోపలికి పోవాలి కాబట్టి అది పలుచగానే ఉండాలి. క్లోరిన్ ఆ పొరను కాలుస్తుంది. మొప్పలు జిగురు పట్టి, వాచి, పాడవుతాయి. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప దాన్ని తీసుకోలేక ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1984లో మంచినీటి జీవుల రక్షణ కోసం క్లోరిన్‌కు రెండు హద్దులు పెట్టింది. గంట సేపటి సగటు లీటరుకు 0.019 మిల్లీగ్రాములు, నాలుగు రోజుల సగటు 0.011 మిల్లీగ్రాములు దాటకూడదు. మనకు కనీసం ఉండవలసింది 0.2. దాన్ని 0.011తో భాగిస్తే సుమారు 18 వస్తుంది. అంటే మన తాగునీటికి అతి తక్కువ అనుకునే మోతాదు కూడా జలచరాల హద్దుకు 18 రెట్లు ఎక్కువ.

క్లోరిన్ తగిలిన చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ గాలి కోసం తంటాలు పడుతుంది. మొప్పలు వేగంగా ఆడతాయి. ఒక్కసారిగా అటూ ఇటూ దూసుకుపోతుంది. రంగు తగ్గుతుంది. చివరకు అడుగున ఒక పక్కకు ఒరిగిపోతుంది. నీటిలో ఆక్సిజన్ తక్కువైనా, అమ్మోనియా పెరిగినా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు. నీళ్లు మార్చిన కొద్ది గంటల్లోనే ఇలా జరిగితే మాత్రం ముందు క్లోరిన్‌నే అనుమానించాలి.

ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

వాసన నమ్మదగిన కొలత కాదు. మన ముక్కుకు తెలియనంత తక్కువ క్లోరిన్ కూడా చేపకు హాని చేస్తుంది. పరీక్షించడానికి మూడు మార్గాలున్నాయి.

1. క్లోరోస్కోప్: పంచాయతీ నీటి సిబ్బంది దగ్గర ఉండే చిన్న పెట్టె ఇది. నీటిలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న కొద్దీ పసుపు రంగు ముదురుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి విలువ చదువుతారు. ఈ ద్రావణం ఒంటికి మంచిది కాదు. చేతికి తగలనివ్వకూడదు. పరీక్షించిన నీటిని తొట్టిలో గానీ తాగేనీటిలో గానీ కలపకూడదు.

2. డీపీడీ పరీక్ష: ఇందులో రంగు గులాబీ. ఆర్థోటాలిడిన్ కంటే దీన్నే ఇప్పుడు మేలైనదిగా భావిస్తారు.

3. గంజి పరీక్ష: బడి ప్రయోగశాలలో సైన్స్ టీచరు సమక్షంలో చేయవచ్చు. ఒక గ్లాసు కుళాయి నీటిలో చిటికెడు పొటాషియం అయోడైడ్, రెండు మూడు చుక్కల వెనిగర్, చెంచాడు చల్లారిన పలుచని గంజి వేయండి. క్లోరిన్ ఉంటే అది అయోడైడ్‌ను అయోడిన్‌గా మారుస్తుంది. అయోడిన్ గంజిలోని పిండిపదార్థంతో కలిసి నీలం రంగునిస్తుంది. పక్కనే నేరుగా బోరు నుంచి పట్టిన నీటితో కూడా ఇదే పరీక్ష చేసి రెండు గ్లాసులను పోల్చండి. పోలిక లేని ప్రయోగం సగం ప్రయోగమే. వంటింటి అయోడిన్ ఉప్పు దీనికి పనికిరాదు. అందులో కలిపేది అయోడైడ్ కాదు, అయోడేట్.

ఒక హెచ్చరిక. గంజి నీలంగా మారితే క్లోరిన్ ఉన్నట్టు లెక్క. మారకపోతే అసలే లేదని చెప్పలేం. చాలా తక్కువ ఉన్నప్పుడు ఆ రంగు కంటికి ఆనదు.

తొలగించే పద్ధతులు

నిల్వ ఉంచడం: ఖర్చు లేని పద్ధతి ఇదే. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పట్టి, మూత పెట్టకుండా 24 గంటలు ఉంచితే మామూలు మోతాదు క్లోరిన్ చాలావరకు పోతుంది. దోమలు రాకుండా పలుచని గుడ్డ కప్పవచ్చు. మూతి ఇరుకైన బిందెలో, లోతైన డ్రమ్ములో, మూత పెట్టిన క్యానులో 24 గంటల లెక్క పనిచేయదు.

ఎండ, గాలి: సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు హైపోక్లోరస్ ఆమ్లాన్ని విడగొడతాయి. లోతు తక్కువ టబ్బును ఎండలో పెడితే కొన్ని గంటల్లోనే క్లోరిన్ బాగా తగ్గుతుంది. నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి నీడలో చల్లార్చి వాడాలి. అక్వేరియం గాలి పంపు ఉంటే రాత్రంతా బుడగలు ఆడనివ్వండి. పంపు లేకపోతే ఒక బకెట్‌లోంచి ఇంకో బకెట్‌లోకి, టీ ఆరబోసినట్టు, పైనుంచి పలుమార్లు పోసినా మేలే. నీటికి ఆక్సిజన్ కూడా అందుతుంది.

మరిగించడం: 15, 20 నిమిషాలు తెర్లిస్తే క్లోరిన్ పోతుంది. దానితో పాటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. చల్లార్చి, బాగా తిరగబోసి వాడాలి. బకెట్ల కొద్దీ నీటికి గ్యాసు ఖర్చు దండగ.

బొగ్గు: ఉత్తేజిత బొగ్గు ఉన్న ఫిల్టరు క్లోరిన్‌ను బాగా తొలగిస్తుంది. పొయ్యిలోని మామూలు బొగ్గు దానికి సాటి రాదు. ఆర్.ఓ. యంత్రం నీళ్లలో క్లోరిన్‌తో పాటు లవణాలు కూడా దాదాపు పోతాయి. ఆ నీళ్లొక్కటే పోస్తే చేపలకు మంచిది కాదు.

విటమిన్ సి: ఆస్కార్బిక్ ఆమ్లం క్లోరిన్‌ను వెంటనే నిర్వీర్యం చేస్తుంది. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 2.5 మిల్లీగ్రాములు కావాలి. స్వచ్ఛమైన పొడి అయితేనే వాడాలి. చప్పరించే బిళ్లల్లో చక్కెర, రంగు ఉంటాయి. నిమ్మకాయ పిండటం అసలే వద్దు. నీరు పులిసి పాడవుతుంది.

హైపో: రసాయన పద్ధతుల్లో చవకైనది, నమ్మకమైనది ఇది. దీని లెక్క వివరంగా చూద్దాం.

హైపో లెక్క

సోడియం థయోసల్ఫేట్‌నే హైపో అంటారు. తెల్లని స్ఫటికాలుగా దొరుకుతుంది. బడి ప్రయోగశాలల్లో ఉంటుంది. ఫిల్ములు వాడిన రోజుల్లో ఫొటో స్టూడియోల డార్క్ రూముల్లో ఫొటోలు నిలవడానికి వాడింది దీన్నే. చేపల షాపుల్లో "యాంటీ క్లోరిన్" పేరుతో అమ్మే సీసాల్లో సాధారణంగా ఉండేదీ ఇదే.

క్లోరిన్ ఎలక్ట్రాన్ల కోసం వెతుకుతుందని పైన చెప్పుకున్నాం. థయోసల్ఫేట్ ఆ ఎలక్ట్రాన్లను ఇచ్చేస్తుంది. క్లోరిన్ క్లోరైడ్‌గా మారిపోతుంది. క్లోరైడ్ అంటే మనం తినే ఉప్పులో ఉన్నదే. ఆ కొద్దిపాటి క్లోరైడ్ వల్ల చేపకు హాని లేదు. పదో తరగతి ఆక్సీకరణ, క్షయకరణ పాఠం మొత్తం ఈ ఒక్క బకెట్‌లో ఉంది.

రెండు అణువుల హైపో ఒక అణువు క్లోరిన్‌ను తొలగిస్తుందని తీసుకుందాం. స్ఫటిక హైపో అణుభారం సుమారు 248. రెండింటికి 496. క్లోరిన్ అణుభారం 71. 496ను 71తో భాగిస్తే సుమారు 7. అంటే ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల హైపో కావాలి.

ఇంత చిన్న బరువులు ప్రతిసారీ తూచలేం. కాబట్టి ముందుగా ద్రావణం చేసి పెట్టుకోవాలి. ప్రయోగశాల త్రాసులో 7 గ్రాముల హైపో తూచి, మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించి, మొత్తం 500 మిల్లీలీటర్లు అయ్యేలా నీరు కలపండి. అప్పుడు ఒక మిల్లీలీటరులో 14 మిల్లీగ్రాముల హైపో ఉంటుంది. అది 2 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను తొలగిస్తుంది. సూది లేని సిరంజితో కొలవవచ్చు.

ఉదాహరణ: 20 లీటర్ల బకెట్. క్లోరిన్ లీటరుకు 1 మిల్లీగ్రాము. మొత్తం క్లోరిన్ 20 మిల్లీగ్రాములు. కావలసిన ద్రావణం 20ని 2తో భాగించగా 10 మిల్లీలీటర్లు. బకెట్‌లో పోసి బాగా కలిపితే చర్య దాదాపు వెంటనే ముగుస్తుంది. అయినా ఐదు నిమిషాలు ఆగి, నీళ్లు తిరగబోసి వాడండి.

కొంచెం ఎక్కువ పడితే భయం లేదు. మరీ ఎక్కువైతే అది నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. ద్రావణాన్ని రంగు సీసాలో, వెలుతురు తగలని చోట ఉంచి, నెలకోసారి కొత్తది చేసుకోవాలి. తెల్లగా మబ్బు పట్టిందంటే గంధకం విడిపోయి పాడైందని అర్థం. పారబోయండి.

బ్లీచింగ్ వేసిన రోజు జాగ్రత్త

ట్యాంకు నీటికి మంచి బ్లీచింగ్ పౌడర్ 1,000 లీటర్లకు 2.5 గ్రాములు కలిపితే లీటరుకు సుమారు 0.7 మిల్లీగ్రాముల క్లోరిన్ కలిసినట్టు లెక్క. ఈ నీటికి 20 లీటర్ల బకెట్‌కు 7 మిల్లీలీటర్ల హైపో ద్రావణం చాలు. కానీ కొలవకుండా గుప్పిటతో వేసి అదే ట్యాంకులో 25 గ్రాములు పడితే? లీటరుకు 7 మిల్లీగ్రాములవుతుంది. బకెట్‌లో 140 మిల్లీగ్రాముల క్లోరిన్. అప్పుడు 70 మిల్లీలీటర్ల ద్రావణం కావాలి. "ప్రతిసారీ 10 మిల్లీలీటర్లు పోస్తున్నాం కదా, ఈసారి చేపలెందుకు చచ్చాయి" అనే ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

అందుచేత ట్యాంకు కడిగిన రోజు, వరదల తర్వాత, జ్వరాల కాలంలో ఎక్కువ బ్లీచింగ్ వేసిన రోజు చేపల నీళ్లు మార్చకండి. ఒకటి రెండు రోజులు నీళ్లు మార్చకపోతే చేపలు చావవు. మరో మాట. బ్లీచింగ్ పౌడర్‌నూ బాత్‌రూమ్ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వెలువడి ప్రాణం మీదికి వస్తుంది.

దోమల లార్వాలను తినడానికి వాడుక నీటి సిమెంటు తొట్టిలో గంబూసియా, గప్పీ చేపలు వదిలిన చోట కూడా ఇదే సూత్రం. ఆ తొట్టిలో బ్లీచింగ్ వేస్తే చేపలు పోతాయి. చేపలున్న తొట్టి వేరు, బ్లీచింగ్ వేసే తొట్టి వేరుగా ఉండాలి. అక్వేరియం చేపలు వద్దనుకున్నా చెరువులోనో కాలువలోనో వదలకండి. అక్కడి దేశవాళీ చేపలకు ముప్పు.

క్లోరమిన్ సంగతి

క్లోరిన్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ ఏర్పడుతుంది. దీన్ని సంయోగ క్లోరిన్ అంటారు. ఇది ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచినా పోదు. మొప్పల గుండా రక్తంలోకి చేరి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారేలా చేస్తుంది. మన ఊళ్లలో ఎక్కువగా వాడేది మామూలు క్లోరినే. అయినా మురుగు కలిసి అమ్మోనియా ఉన్న నీటిలో క్లోరమిన్ తనంత తానే ఏర్పడవచ్చు.

అమెరికాలో మాత్రం చాలా నగరాల్లో క్లోరమిన్‌ను కావాలనే వాడతారు. వాషింగ్టన్ 2000లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో ఈ పద్ధతికి మారాయి. అక్కడ స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఇక్కడి అలవాటుతో "ఒక రాత్రి ఉంచితే చాలు" అనుకుంటే చేపలు దక్కవు. హైపో క్లోరమిన్‌ను విడగొడుతుంది గానీ అమ్మోనియాను నీటిలోనే వదిలేస్తుంది. అమ్మోనియాను కూడా బంధించే అక్వేరియం ద్రావణాలు అక్కడ వాడాలి.

తొట్టిలోని మేలు చేసే బాక్టీరియా

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది. తొట్టి పాతబడే కొద్దీ ఫిల్టరు స్పాంజిలో, అడుగు గులకరాళ్ల మీద కొన్ని బాక్టీరియాలు పెరుగుతాయి. అవి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే క్లోరిన్‌కు ఇవి కూడా చస్తాయి. తర్వాత అమ్మోనియా పెరిగి చేపలు పోతాయి. తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే స్పాంజిని పిండి కడగడం సరైన పద్ధతి.

నీళ్లన్నీ ఒకేసారి మార్చడం కూడా తప్పు. వారానికి నాలుగో వంతు మార్చితే చాలు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టిలో 60 × 30 × 30 = 54,000 ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు పడతాయి. నాలుగో వంతు 13.5 లీటర్లు. ఒక్క బకెట్ పని.

ఆ బకెట్ చేపలకే కేటాయించండి. మనం బట్టలు నానబెట్టే బకెట్‌లో ఎంత కడిగినా సబ్బు జాడ మిగులుతుంది. రాగి బిందెలో నిల్వ చేసిన నీళ్లు కూడా వద్దు. రాగి చేపలకు విషం. నేరుగా బోరు నుంచి వచ్చే నీటిలో క్లోరిన్ ఉండదు. అయితే అందులో ఆక్సిజన్ తక్కువ ఉండవచ్చు కాబట్టి బాగా తిరగబోసి వాడాలి. బోరు నీళ్లయినా ట్యాంకుకు ఎక్కి, అక్కడ బ్లీచింగ్ కలిసిందంటే అవి కుళాయి నీళ్ల కిందే లెక్క.

తాగే నీటి జోలికి పోవద్దు

ఇంత చదివాక "చేపను చంపే మందు మన నీళ్లలో ఎందుకు, దాన్నీ తీసేద్దాం" అని ఎవరికైనా అనిపించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. హాస్టల్‌లో వందమంది ఒకే ట్యాంకు నీళ్లు తాగుతారు. ఇంట్లో ఒకరికి విరేచనాలైతే ఒకరితో ఆగవచ్చు. హాస్టల్‌లో ట్యాంకు చెడితే అన్ని గదులూ మంచం పడతాయి. టైఫాయిడ్, కలరా, నీటి ద్వారా వచ్చే కామెర్లు చదువుకునే పిల్లల నెలలను మింగేస్తాయి. పరీక్షల ముందు జ్వరంతో ఇంటికి వెళ్లి, తిరిగి రాకుండా చదువు మానేసే పరిస్థితి ఏ తమ్ముడికీ, ఏ చెల్లికీ రాకూడదు. ఆ ముప్పుకూ మనకూ మధ్య ఉన్నది లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్.

కాబట్టి తాగే నీళ్ల డ్రమ్ములో హైపో గానీ, యాంటీ క్లోరిన్ గానీ ఒక్క చుక్క కూడా వేయకూడదు. ఆ సీసాకు పెద్ద అక్షరాలతో చీటీ అంటించి, వంటగదికి దూరంగా, పెద్దవాళ్ల అధీనంలో ఉంచాలి. తాగే నీళ్లను క్లోరిన్ వాసన పోవాలని మూత తీసి ఎండలో పెట్టకూడదు. బ్లీచింగ్ కలిపిన తర్వాత గంట ఆగి తాగాలి. మందు వాసన వస్తోందని పక్క చెరువు నీళ్లో, ఊరి బావి నీళ్లో తాగడం ప్రమాదం.

ఇంకో విషయం ఆలోచించండి. ఒక హాస్టల్‌లో కుళాయి నీళ్లు నేరుగా తొట్టిలో పోస్తున్నారు. ఏ మందూ వేయరు, నిల్వ ఉంచరు. నెలల తరబడి చేపలు హాయిగా ఉన్నాయి. "మా నీళ్లు చాలా మంచివి" అని వాళ్లు మురిసిపోవచ్చు. నిజానికి అప్పుడే అనుమానం రావాలి. చేపకు ఏమీ కాలేదంటే ఆ నీటిలో క్లోరిన్ ఉందా? ట్యాంకులో బ్లీచింగ్ వేయడం మానేశారా? పాతబడి గాలి తగిలిన పౌడర్ వేస్తున్నారా? నీటిలో మురికి ఎక్కువై వేసినదంతా ఖర్చయిపోతోందా? చేప బతకడం రుజువు కాదు గానీ, పరీక్ష చేయించడానికి అది చాలినంత కారణం. వార్డెన్ గారితో చెప్పి, పంచాయతీ వారి క్లోరోస్కోప్‌తో కుళాయి దగ్గరే నీటిని పరీక్షించమని అడగండి. అది అడగడం మన హక్కు. పరీక్షించడానికని చేపలను మాత్రం బలిపెట్టకండి.

గుర్తుంచుకోవలసినవి

1. క్లోరిన్ తాగేనీటిలో ఉండాలి, చేపల నీటిలో ఉండకూడదు.
2. వెడల్పు టబ్బులో, మూత లేకుండా 24 గంటలు. లేదా కొన్ని గంటల ఎండ.
3. తొందరైతే హైపో. ఒక వంతు క్లోరిన్‌కు 7 వంతులు.
4. ముందు బకెట్‌లో కలపాలి, తర్వాతే తొట్టిలో పోయాలి. తప్పనిసరై తొట్టిలోకే నేరుగా కుళాయి నీళ్లు పట్టవలసి వస్తే, మొత్తం తొట్టి నీటికి సరిపడా ద్రావణం ముందే పోయాలి.
5. వారానికి నాలుగో వంతు నీళ్లే మార్చాలి. ఫిల్టరును కుళాయి కింద కడగరాదు.
6. ట్యాంకుకు బ్లీచింగ్ వేసిన రోజు చేపల నీళ్లు మార్చరాదు.
7. పొరపాటున క్లోరిన్ నీళ్లు పడి చేపలు తల్లడిల్లుతుంటే వెంటనే హైపో ద్రావణం పోసి, గాలి పంపు పెట్టాలి. క్లోరిన్ లేని నిల్వ నీరు సిద్ధంగా ఉంటే చేపలను అందులోకి మార్చాలి.

మీరే చేసి చూడండి

1. 15 లీటర్ల బకెట్‌లో క్లోరిన్ లీటరుకు 0.4 మిల్లీగ్రాములు. పైన చెప్పిన హైపో ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు కావాలి?
2. 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గల తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి? వారానికి మార్చవలసిన నీరెంత?
3. 5,000 లీటర్ల ట్యాంకుకు 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడర్ ఎంత కావాలి?

జవాబులు: 1) 3 మిల్లీలీటర్లు. 2) 144 లీటర్లు; 36 లీటర్లు. 3) 12.5 గ్రాములు.

మూడో లెక్కను పుస్తకంలోనే వదిలేయకండి. మీ హాస్టల్ ట్యాంకు ఎన్ని లీటర్లదో కనుక్కుని, దానికి ఎంత పౌడర్ కావాలో లెక్క కట్టి, ట్యాంకు గది తలుపు మీద రాసి పెట్టండి. బ్లీచింగ్ వేసే కామాటి అన్నకు గుప్పిటతో కాకుండా కొలతతో వేయడానికి అది ఉపయోగపడుతుంది. అప్పుడు పిల్లల నీళ్లకూ చేపల నీళ్లకూ ఒకే లెక్క పనికొస్తుంది.